నిమ్మచెట్టు కింది బిస్కెట్లు

ఈ మధ్య చౌటుప్పల్‌లో మనుమరాలి ఫ్లాటులో నాలుగు రోజులు ఉండి వచ్చాను. వెళ్ళిన మర్నాడే ఒకతను బియ్యం బస్తాలాంటి సంచీ మోసుకొచ్చి గుమ్మంలో దించిపోయాడు. ఎవరింటికో పోవలసిన పెళ్ళి సరుకు పొరపాటున మా ఇంటికి వచ్చిందనుకున్నాను. తీరా చూస్తే అది కుక్క తిండి. మనుమరాలు పిల్లి కంటే కాస్త పెద్దగా ఉండే బొచ్చుకుక్కను పెంచుతోంది, దానికట. సంచీ మీద ఒక కుక్క పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. కుక్కలు నవ్వుతాయని ఎనభై రెండేళ్ళు వచ్చినా నాకు తెలియదు. దాని కింద ఇంగ్లీషులో ఏదో ఉంటే కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివాను. ఇది రుచి చూసిన కుక్క మరో తిండి వంక చూడదు అని దాని సారాంశం. సరిగ్గా ఇదే మాటను అరవై ఏళ్ళ కింద తలుపు వెనక నిలబడి మా మామకు తెలుగు చేసి చెప్పాను. ఆయన దాన్ని నమ్మారు. నమ్మినందువల్ల ఒక కుక్క ప్రాణం మీదికి వచ్చింది.

మా అత్తగారి ఊరు దేవరకొండ దిక్కున ఒక చిన్న కస్బా. మామ తహసీలు కచేరీలో పేష్కారుగా పనిచేసి పింఛను పుచ్చుకుని ఇంటిపట్టున ఉండేవారు. నల్ల టోపీ, కిర్రుచెప్పులు లేకుండా ఆయన పక్కింటికి కూడా పోయేవారు కారు. ఉర్దూ ముత్యాల్లా రాసేవారు గాని ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. మా ఆయన హుజూర్‌నగర్ దగ్గర బడిపంతులు, సెలవులకు మాత్రమే వచ్చేవారు. నేను ఎనిమిది తరగతులు చదివి ఆ ఇంటికి కొత్తకోడలిగా వచ్చాను. అప్పటి మర్యాద ప్రకారం కోడలు మామ ఎదుట పడకూడదు, మాట్లాడకూడదు. ఏ కబురైనా అత్తే అటునుంచి ఇటు, ఇటునుంచి అటు మోయాలి. దీనికి ఒక్క ఇంగ్లీషు మాత్రం మినహాయింపు. ఇంగ్లీషు కాగితం చేతికి వస్తే మామ గడప దగ్గర దగ్గి, తలుపు సందులోంచి దాన్ని లోపలికి తోసేవారు. నేను తలుపు చాటునుంచే చదివి అర్థం చెప్పేదాన్ని. కాపురానికి వచ్చిన నాలుగు నెలల్లో ఆయనతో నేను మాట్లాడిందల్లా ఒక గడియారం మరమ్మతు గురించి, కూరగాయల విత్తనాల గురించి, ఈ కుక్క బిస్కెట్ల గురించి. ఇంకేమీ లేదు.

ముసాఫిర్‌ఖానాలో దిగిన దొర ఎవరో వదిలేసిపోయిన పాత పత్రికలోది ఆ బిస్కెట్ల ప్రకటన. పేజీ నిండా రంగుల బొమ్మ. పచ్చగడ్డి మీద మెడకు తోలుపట్టీతో ఒక కుక్క, దాని వెనక మోకాలెత్తు తెల్ల కంచె. గౌను వేసుకున్న దొరసాని బిస్కెట్ చూపిస్తుంటే కుక్క తల ఎత్తి దాన్నే చూస్తోంది. పక్కనే మాంసం వేలాడుతున్న ఇంత లావు బొక్క పడి ఉన్నా దానివైపు కన్నెత్తదు. మామను పట్టుకున్నది ఆ బొక్కే. నాచేత మూడుసార్లు చదివించుకుని, ఆ పేజీని అల్మారా తలుపుకు లోపలివైపు అన్నం మెతుకులతో అంటించారు. ఆ కంచెను చూసి అత్త మాత్రం, "గంత కంచెకు మా కోడిపెట్ట గూడ ఆగది" అని పోయింది.

ఇంట్లో ఒక కుక్క ఉండేది. పేరు మోతి. జొన్నరొట్టె బాగా కాలితే ఏ రంగో మోతిది ఆ రంగు. దానికి ముందు దాని తల్లి ఉండేదట. ఊళ్ళో ఎవరినైనా పిచ్చికుక్క కరిచినప్పుడల్లా పంచాయతివాళ్ళు డప్పు చాటింపు వేయించి, మర్నాడో మరుసటి వారమో వీధుల్లో విషపు మందు పెట్టిన మాంసం ముక్కలు వేయించేవాళ్ళు. ఒకసారి అలాంటి రోజున అత్త పుట్టింట్లో ఉంది. తిరిగి వచ్చేసరికి కుక్క లేదు, దొడ్లో ఇంకా కళ్ళు తెరవని పిల్ల ఒకటి ఉంది. ఆ పిల్లే మోతి. అత్త దానికి గుడ్డవత్తితో మేకపాలు తాగించింది. తను పనిలో ఉన్నంతసేపు కోళ్ళగంప కింద మూసి పైన రాయి పెట్టేదట. తల్లికుక్క పోయిన రోజు వీధి తలుపు తీసి ఉంచింది మామే. ఆ మాట అత్త ఒక్కనాడూ అనలేదు. అనకపోవడం వల్లనే ఆయన మరిచిపోలేకపోయారని నాకు తర్వాత అర్థమయింది.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో మళ్ళీ డప్పు మోగింది. వచ్చే బుధవారం మందు పెడతారు, ఎవరి కుక్కను వాళ్ళు కట్టేసుకోవాలె అని. మోతిని కట్టేయడం అంత తేలిక కాదు. తాడు కనిపిస్తే ఏడుపు మొదలుపెట్టేది, కట్టి వదిలేస్తే కొరికేసేది. ఇక ఆదివారాలు మా ఇంట్లో మాంసం ఉడికితే వాసనకే గోడ దూకి వచ్చేది. అత్త ఆ సాయంత్రమే కొంగు బిగించి దొడ్డిగోడ కూలిన మూలకు తుమ్మకంప ఈడ్చుకొచ్చి కొట్టింది. నేను రాళ్ళు అందించాను. మామ అరుగు మీద కూర్చుని, "కంప దేనికి? నేను లష్కర్‌కెల్లి బిస్కెట్లు తెప్పిస్త. గవి మరిగినంక కుక్క మాంసం దిక్కు సూడనే సూడది. ఇంగ్లీషోడు ఊకెనే రాస్తడా?" అన్నారు. సికింద్రాబాదును అప్పట్లో అందరూ లష్కర్ అనేవారు. అత్త నాతో అన్నట్టుగా ఆయనకు వినపడేలా, "ఇంగ్లీషోని కుక్కకు ఎవడు మందు వెడ్తడు బిడ్డా?" అంది.

పట్నం బస్సు నడిపే సాహెబు ఒకాయన మామకు దోస్తు. మూడో రోజుకల్లా ఆయన రేకు డబ్బా ఒకటి తెచ్చి అరుగు మీద పెట్టాడు. "పేష్కార్ సాబ్, మీ ఇంట్ల దొర ఎప్పుడు దిగిండని దుకాన్‌ల అడిగిన్రు" అన్నాడు. డబ్బా మీద మళ్ళీ అదే కుక్క. బిస్కెట్లు నలుచదరంగా, ఇటుక పెంకుల్లా ఉన్నాయి. గానుగ దగ్గర నిలబడితే వచ్చే వాసన. మామ మోతిని పిలిచి, దొరసాని పట్టుకున్నట్టే రెండు వేళ్ళతో ఒకటి పట్టుకుని చూపించారు. మోతి మర్యాదగా నోట కరుచుకుని, తోక ఊపి, ఇంట్లోంచి దొడ్లోకి నడిచింది. మామ ముఖం వెలిగిపోయింది. "సూసినవా భాయ్? నెమ్మదిగ కూసుండి తింటది" అన్నారు.

మోతి నెమ్మదిగానే కూర్చుంది, కాని తినడానికి కాదు. నిమ్మచెట్టు కింద ముందుకాళ్ళతో గుంట తవ్వి, బిస్కెట్ అందులో పెట్టి, ముక్కుతో మట్టి నెట్టి కప్పేసింది. మట్టి ముక్కుతోనే తిరిగి వచ్చి నా ముందు నిలబడింది. పూటకొక బిస్కెట్ ఇలాగే పోయింది. మామ అరుగు దిగి దొడ్లోకి వచ్చే మనిషి కాదు. ఆయనకు తెలిసిందల్లా డబ్బా ఖాళీ అవుతోందని. నేను అత్తకు చూపించాను. ఆమె నిమ్మచెట్టు కిందికి చూసి, "చెప్పకు బిడ్డా. గాయన ఎన్నేండ్లకు గింత సంబురపడ్డడు. మనం తాడుతోటి కట్టేసుకుందాం, కడుపునిండ పెడ్దాం. గంతే" అంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెబుదామంటే ఆయన ఎదుట నాకు నోరు లేదు, ఆ పైన అత్త వద్దంది. చెప్పకుండా ఉండడం మర్యాద అనుకున్నాను. నిజానికి అందులో మర్యాద కంటే భయమే ఎక్కువ. ఇంకోటి కూడా ఉంది. ఆ ప్రకటన చదివింది నేను. సరుకు అమ్ముకునేవాడు ఏమైనా రాస్తాడని నాకు అప్పుడే తెలుసు, ఆ ముక్క చెప్పలేదు.

బుధవారం అత్త కోడికూతతో లేచి కుండెడు జొన్నగటుక వండింది. మజ్జిగ కలిపి మూడుసార్లు మోతికి పెట్టింది. మూడోసారి అది తలెలో మిగిలిన గటుక వైపు చూసి మూలిగింది. తర్వాత వంటింటి పక్క అర్రలో స్తంభానికి కట్టేసి, కొరికినకొద్దీ తాడు మార్చాలని నాకు పని అప్పగించి, తను దొడ్లో మిరపకాయలు ఆరబోయడానికి పోయింది. పొద్దు బారెడెక్కింది. మాంసం ముక్కల బొక్కెన పట్టుకున్న ఇద్దరు మనుషులు మా వీధి దాటిపోయారు. నేను ఇంకో తాడు తేవడానికి కొట్టంలోకి పోయి వచ్చేసరికి స్తంభం దగ్గర కుక్క లేదు. తాడు కొరికి లేదు, ముడి విప్పి ఉంది.

మామ విప్పారు. తాడుతో కట్టేసిన కుక్క బతికితే గొప్ప తాడుది అవుతుంది గాని బిస్కెట్‌ది కాదు కదా. అరుగు మీద కూర్చున్న బస్సు సాహెబుకు కళ్ళారా చూపించాలని మోతిని గడప దాటించారు. "వద్దు పేష్కార్ సాబ్, నోరులేని జాన్వర్ గది" అని సాహెబు అంటూనే ఉన్నాడు. మోతి వీధి మలుపు దాకా పోయి, ముక్కు ఎత్తి, బొక్కెన మనుషులు పోయిన దిక్కుకు తిరిగింది. అప్పుడు నేనేం చేశానో నాకే సరిగా తెలియదు. తలుపు దాటాను, గడప దాటాను, కొంగు నెత్తి మీద లేదు. "మామా, అది ఒక్క బిస్కెట్ గూడ తినలే! అన్నీ నిమ్మచెట్టు కింద పూడ్చింది!" అని వీధంతా వినపడేలా అరిచాను. మామ నా వైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో. అంత భయపడిన పెద్దమనిషిని నేను అంతకుముందు చూడలేదు. టోపీ లేకుండా, చెప్పుల్లేకుండా ఆయన వీధిలో పడి ఉరికారు. సాహెబు ఇంకో దిక్కు ఉరికాడు. నేను గడప దగ్గరే నిలబడ్డాను.

ఇంతలో మోతి ఏ సందులోంచి తిరిగి వచ్చిందో, నా కాళ్ళ పక్కనుంచి దూరి లోపలికి పోయింది. నోట్లో మాంసం ముక్క ఉంది. అత్తను కేకేస్తూ వెనకాలే పరుగెత్తాను. అది నిమ్మచెట్టు కింద ముక్కను దించి, బిస్కెట్లకు తవ్వినట్టే శ్రద్ధగా గుంట తవ్వుతోంది. అత్త కోళ్ళగంప తెచ్చి ఆ ముక్క మీద బోర్లించి దాని మీద కూర్చుంది. నేను మోతి నోరు తెరిచి మజ్జిగతో కడిగాను, రెండుసార్లు, మూడుసార్లు. అది ఇదేదో కొత్త ఆట అనుకుంది. మామ వచ్చేసరికి పరిస్థితి ఇది: గంప మీద అత్త, నా ఒళ్ళో కుక్క తల, తవ్విన గుంటలో మట్టి కొట్టుకుపోయిన బిస్కెట్లు వరుసగా. అత్త గంప మీదినుంచి లేవకుండానే, "ఏం కాలే. కడుపుల జాగా లేక దాసుకోను తెచ్చింది" అంది. మామ గుంట దగ్గర కూలబడ్డారు. కాలి మడమకు ముల్లు గుచ్చుకుని నెత్తురు కారుతోంది. ఒక బిస్కెట్ తీసి, మట్టి దులిపి, కొస కొరికి నమిలారు. "ఉప్పు లేదు. కుక్కది తప్పేం లేదు" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత నా వైపు తిరిగి, "బిడ్డా, ఇగ తలుపు ఎన్కనుంచి చదువకు. ఎదురుంగ కూసోని చదువు. రాసింది చదువు, అబద్ధమనిపిస్తే గది గూడ చెప్పు" అన్నారు.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఆయన ఎదుట కూర్చుని పత్రికలు చదివాను. మోతి చాలా కాలం బతికి, ముసలిదై, అత్త మంచం కింద పోయింది. దాన్ని కాపాడింది గటుకేనని అత్త, దాచుకోవడం నేర్పింది బిస్కెట్లేనని మామ చివరిదాకా వాదించుకున్నారు. అది ఎటూ తెగలేదు.

చౌటుప్పల్ నుంచి బయలుదేరే రోజు పొద్దున బొంత మడతపెడుతుంటే తలగడ కింద కుక్క తిండి గింజలు దొరికాయి. అయిదారు ఉంటాయి. పాపం మూడో అంతస్తులో దానికి మట్టి ఎక్కడిది? మనుమరాలు వచ్చే నెలకని మరో సంచీకి అప్పుడే ఫోన్‌లో ఆర్డరు పెట్టబోతోంది. వెంటనే పిలిచి గింజలు అరచేతిలో పోసి చూపించాను. చెప్పవలసిన మాట చెప్పడానికి అప్పట్లో నాకు అన్ని రోజులు పట్టింది. ఇప్పుడు అంత వ్యవధి నా దగ్గర లేదు.