కూలర్ తిప్పించింది నేనే

లాల్‌దర్వాజా మెట్ల లోపాన్ని నేను ఒక్క సుత్తిదెబ్బతో పట్టేశానని మా ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారట. తప్పు. పట్టింది నేను కాదు, టెస్ట్ పీసు.

వెల్డింగ్ ఇన్‌స్పెక్టరుగా నేను స్వచ్ఛంద విరమణ తీసుకోవడానికి ముందటి ఎండాకాలం అది. పాతబస్తీలోని ఒక ఆడపిల్లల బడికి ఇనుప మెట్లు చేయిస్తున్నారు. లాల్‌దర్వాజాలో రేకుల షెడ్డు. వెల్డరు యాదగిరి ముప్పై ఏళ్లు రాడ్ వెల్డింగ్ చేసి, ఆ ఏడాదే సీఓటూ మిషను పట్టాడు. ఇందులో తీగ దానంతటదే గన్‌లోంచి వస్తుంది. వెంట వచ్చే గ్యాసు, కరిగిన ఇనుముకు బయటి గాలి తగలకుండా కాస్తుంది.

మొదటి రోజే షెడ్డు పొయ్యిలా ఉంది. "గిట్ల ఉడకబెడతరా మనుషులను? ఆ కూలర్ ఇటు తిప్పుండ్రి" అని అరిచాను. వెల్డింగ్ బల్ల పక్కనే ఉన్న నా వైపు తిప్పారు. చల్లగా కూర్చుని డ్రాయింగులు సరిచూసి వచ్చేశాను.

నాలుగో రోజుకు మెట్లు సిద్ధం. వెల్డు పైకి నున్నగా ఉంది. నా సంతకమే తరువాయి. నియమం ప్రకారం, పనితోపాటే అతికిన నమూనా ముక్కను, అంటే టెస్ట్ పీసును, బల్ల మీది ఇనుప వైసులో బిగించి సుత్తితో విరగ్గొట్టాలి. మంచి అతుకు అంత సులువుగా లొంగదు. ఇది మొదటి దెబ్బకే ఊడిపోయింది. విరిగినచోట నిండా ఆవగింజలంత రంధ్రాలు. ఈ మెట్ల మీద పిల్లలు బిలబిలా దిగుతారు. విరిగిన ముక్కను యాదగిరి ముందు పెట్టాను.

"ఏందన్నా ఇది?" అన్నాను.

"కూలర్ గాలికి గ్యాసు నిలవలే మేడం. రాడ్‌కైతే ఇంత ఫికర్ లేకుండె."

"తెలిసి ఎట్ల పెట్టుకున్నవ్?"

"మీరే గదా తిప్పమన్నరు. మీతోని లొల్లి ఎవరు పెట్టుకుంటరు? గ్యాసు జర పెంచిన, సరిపోతదనుకున్న."

స్టూలు మీద కూర్చున్నాను. కూలర్ ఇంకా నా మీదికే వీస్తోంది. లేచి ఆపేశాను.

అతుకులన్నీ కోయించి, గాలి రాకుండా చుట్టూ టార్పాలిన్ కట్టించి, మళ్లీ వేయించాను. రిపోర్టులో 'కారణం' అన్న గడిలో 'ఇన్‌స్పెక్టర్ సూచన' అని నేనే రాశాను. పై అధికారి కొట్టేయమన్నాడు. కొట్టేయలేదు.

ఇన్‌స్పెక్టర్ నోటిమాటను కూడా తనిఖీ చేయాలని అప్పుడు తెలిసింది. కానీ నియమం టెస్ట్ పీసు అడగని పనులు అంతకుముందు ఎన్నో చూశాను. వాటిలో నేను అరిచి ఏమేం తిప్పించానో, ఎవరెవరు నోరు మూసుకున్నారో ఇప్పుడు నాకెవరు చెబుతారు?