గట్టిగా చెప్పమ్మా

బడికి పంపే ముందు మా అమ్మాయికి నేను నేర్పాల్సి వచ్చింది అక్షరాలు కాదు, అరవడం.

డెబ్బైల చివరి రోజులు. టాటానగర్‌లో భాలుబాసా అనే పేటలో మాది ఒక్క గది ఇల్లు. మా ఆయన జుగ్సలాయి అవతల ఒక చిన్న వర్క్‌షాపులో, ఎర్రగా కాల్చిన ఇనుమును పెద్ద సుత్తి మిషను కింద పెట్టే పని చేసేవారు. నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీ. పొద్దున్నే వచ్చి, నాలుగు మెతుకులు తిని, గోడవైపు తిరిగి పడుకునేవారు. ఆ గదిలోనే నా వంట, ఆ గదిలోనే పిల్ల ఆట. నిద్ర చాలని మనిషి ఆ మిషను దగ్గర నిలబడితే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే గిన్నె కింద పెట్టినా చప్పుడు కానిచ్చేదాన్ని కాదు. "సుయ్! నాన్న తొంగున్నారు" అన్న మాట వింటూనే పిల్ల పెరిగింది. ఏడుపొచ్చినా లోలోపలే ఏడ్చేది. ఎంత బుద్ధిమంతురాలో అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటే నేను పొంగిపోయేదాన్ని.

అయిదేళ్లు నిండాక బడికి తీసుకెళ్లాను. అక్కడి బహెన్‌జీ, అంటే టీచరమ్మ, పేరు అడిగింది. మా పిల్ల చెప్పింది. ఆవిడ వంగి చెవి దగ్గరగా పెట్టి మళ్లీ అడిగింది. పిల్ల మళ్లీ చెప్పింది.

"గూంగీ హై క్యా?" అంది ఆవిడ నాతో, మూగదా అని.

నాకు ఒళ్లు మండింది. వచ్చీరాని హిందీలో ఏదో అన్నాను. ఆవిడ చెడ్డదేం కాదు. గదిలో కిక్కిరిసిన పిల్లల్ని చూపించి, ఇంతమందిలో ఈ గొంతు నాకెలా వినిపిస్తుంది అంది. సోమవారం మళ్లీ తీసుకురమ్మంది. వెనక గోడ దాకా వినబడేలా పేరు చెబితే చేర్చుకుంటానంది, లేదంటే వచ్చే ఏడాదే. ఇంకో ఏడాది ఆ గదిలో నోరు నొక్కుకుని ఉంటే పిల్లకు ఉన్న మాట కూడా పోతుందని నాకు భయం పట్టుకుంది.

పక్కింటి పెద్దమ్మ వస కొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. పిల్ల మొహం చిట్లించి, "సేదు" అని గుసగుసగా చెప్పింది. మైదానంలో ఆ చివర దాన్ని నిలబెట్టి ఈ చివర నేను నిలబడ్డాను. పెదవులు కదిలాయి, అంతే. రైలు మోతలోనైనా గొంతెత్తక తప్పదని టాటానగర్ స్టేషనుకు తీసుకెళ్లాను. అది గూడ్సు బండి మొత్తం వెళ్లిపోయేదాకా ఓపిగ్గా ఆగి, అప్పుడు నా కొంగు లాగి చెవిలో పేరు చెప్పింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి నా ఓపిక చచ్చిపోయింది. ఆయన నిద్రలో ఉన్నారు. పిల్లను గుమ్మం దగ్గర నిలబెట్టి, "గట్టిగా సెప్పే!" అని అరిచాను. ఆ గదిలో నేను అలా అరవడం అదే మొదలు. పిల్ల హడలిపోయి నాన్న వైపు చూసింది. ఆయన కదల్లేదు.

"నాన్న లెగనేదమ్మా" అంది ఆశ్చర్యంగా.

"లెగిత్తే నాను సూసుకుంతాను. నువ్వు సెప్పు."

కాస్త గొంతు పెంచింది. నాన్న లేవలేదు. ఇంకాస్త పెంచింది. ఇదేదో ఆట అనుకుందో ఏమో, తన పేరు, నాన్న పేరు, ఏక్ దో తీన్ అంటూ పది దాకా లెక్క, అన్నీ గొంతు చించుకుని అరిచింది. ఏం గొంతని! పక్కింటి పెద్దమ్మ "ఏటైనాదే?" అంటూ పరుగెత్తుకొచ్చింది. సంతోషంతో నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు చూశాను, ఆయన ఇంకా హాయిగా నిద్రపోతూనే ఉన్నారు.

వెళ్లి భుజం తట్టాను. ఉలిక్కిపడి లేచారు. "ఏటే, డూటీకి టైమైపోనాదా?"

"ఇంత గోల సేత్తంటే ఇనబడ్నేదా మీకు?" అన్నాను.

నా పెదవుల వైపే చూస్తూ, "ఏటి?" అన్నారు. ఏ మాటైనా రెండుసార్లు చెప్పించుకోవడం ఆయనకు కొంతకాలంగా అలవాటే. పెళ్లాం మాట ఏ మగాడు ఒక్కసారికి విన్నాడు గనక అని నేనూ పట్టించుకోలేదు.

చివరికి చెప్పారు. "రెండేళ్లయి సరిగ్గా ఇనబడ్డం నేదు. షాపులో తెలిత్తే పన్లోంచి తీసెత్తారని ఎవులికీ సెప్పనేదు." తర్వాత పిల్లను చూసి, "ఇది నాతో మాటాడదు, నువ్వంటేనే ఇట్టం అనుకున్నానే" అన్నారు.

ఆయన మేలుకుని ఉన్నంతసేపూ అది పక్కనే కూర్చుని ఎన్ని కబుర్లు చెప్పేదో నాకు తెలుసు. అన్నీ గుసగుసల్లోనే. నాకు దుఃఖం ఆగలేదు.

మర్నాడు ఆయన డ్యూటీ దిగి మసి బట్టలతోనే బడికి వచ్చారు. లోపలికి రాకుండా తరగతి వెనక గుమ్మంలో నిలబడ్డారు. బహెన్‌జీ పేరు అడిగింది. పిల్ల ఆవిడ వైపు చూడలేదు. నాన్న మొహమే చూస్తూ గది దద్దరిల్లేలా పేరు చెప్పింది. బహెన్‌జీ చెవులు మూసుకుని "బస్, బస్" అని నవ్వింది.

"ఇనబడ్డాదమ్మా!" అన్నారు ఆయన, పిల్లలందరూ వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా.