చేపలు కొనని ఇల్లు

వేట నిషేధం రోజుల్లో మా జువ్వలదిన్నెలో పడవలన్నీ ఒడ్డునే ఉండేవి. నాయన కాలి బొటనవేలికి వల తగిలించుకుని చిరుగులు కుట్టుకుంటుంటే, నేను పక్కన కూర్చుని ఫోనులో సర్వేలు నింపేదాన్ని. ఏ సబ్బు వాడతారు, ఏ టీపొడి కొంటారు, అన్నీ అట్లాంటి ప్రశ్నలే. సర్వేకు ఇంతని ఖాతాలో వేస్తారు, ఐదు వందల రూపాయలు నిండితేనే డబ్బులిస్తామని ఆ సైటు వాళ్ల నియమం.

కిందా మీదా పడి నాలుగు వందల తొంభై దాకా వచ్చినాను. అప్పుడు చేపల మీద సర్వే వచ్చింది. ఇంక నాకు తిరుగులేదనుకున్నాను.

నెలకు ఎన్నిసార్లు చేపలు కొంటారని మొదటి ప్రశ్న. మా ఇంట్లో చేపలు కొన్నదెప్పుడు? 'ఎప్పుడూ కొనము' అని నొక్కినాను. మీరు ఈ సర్వేకు అర్హులు కారని వచ్చింది. ఆ తర్వాత ఇంకొక్క సర్వే రాలేదు. నా కష్టం నాకియ్యండని వారం రోజులు మెయిళ్లు పెట్టి పోట్లాడినాను. ఐదు వందలు నిండలేదని ఒకటే జవాబు.

నాకంటే నాయనకే ఎక్కువ మండింది. "ఒడ్డున అలివి వల లాగేటప్పుడు, తాడు ఒక్క గుంజు గుంజినోడికైనా గుప్పెడు చేపలు పెట్టి పంపిస్తామే! గంప నిండలేదని ఉత్త చేతులతో పంపేవాళ్లు మనుషులేనా?" అన్నాడు.

నాయన పోయినాక నెల్లూరు వచ్చేసినాను. ప్రతి ఆదివారం మార్కెట్లో బేరమాడి చేపలు కొంటున్నాను.

ఇప్పుడు ఆ సర్వేకు నేను అర్హురాలినే.