పన్నెండు గొర్రెలు, పన్నెండు కార్డులు

పులివెందులలో కాలిపోయిన బోరు మోటారును ఎవరి దగ్గరికి తీసుకుపోవాలని అడిగితే పదిమందిలో ఎనిమిది మంది ప్రతాప్ పేరే చెబుతారు. మిగిలిన ఇద్దరూ ఆయనకు బాకీ ఉన్నవాళ్లు.

రాగి తీగ చుట్టేటప్పుడు ప్రతాప్ నోరు విప్పడు. చుట్టు పక్కన చుట్టు వెంట్రుక దూరే సందు లేకుండా కూర్చుంటుంది. ఆయన చుట్టిన మోటారు మళ్లీ షాపు ముఖం చూడాలంటే పిడుగైనా పడాలి, కరెంటు వాళ్లైనా తలచుకోవాలి. ఇబ్బందంతా చేతిలో తీగ లేనప్పుడే. అప్పుడు ఆయన క్రెడిట్ కార్డుల గురించి మాట్లాడతాడు.

ఆయన దగ్గర ఆరు కార్డులున్నాయి. బియ్యానికి ఒకటి, కరెంటు బిల్లుకు ఒకటి, మందులకు ఒకటి, పెట్రోలుకు ఒకటి. ఏ గొర్రెను ఏ చేలో తోలాలో కాపరికి తెలిసినట్టు ఏ కార్డును ఏ అంగట్లో గీకాలో ఆయనకు తెలుసు. పెట్రోలు కార్డుకు రాయితీ ఇచ్చే బంకు జమ్మలమడుగులో ఉంది. భార్య రేణుక పుట్టిల్లు కూడా అక్కడే కాబట్టి ట్యాంకు ఖాళీ అయినప్పుడల్లా అత్తగారింటి మీద ప్రేమ పుట్టుకొచ్చేది. పోవడానికీ రావడానికీ కాలిన పెట్రోలు లెక్క ఎవరూ అడగలేదు. అడిగితే మనిషి చిన్నబుచ్చుకుంటాడు.

పాయింట్లు పెట్టి తెచ్చుకున్న చక్రాల సూట్‌కేసులో రేణుక విత్తనం వేరుశనగ దాచింది. విమానాశ్రయంలో ఉచితంగా భోజనం పెట్టించే కార్డు ఒకటి మూడేళ్లుగా ఆయన పర్సులో ఉంది. ఆ అన్నం తినాలంటే ముందు విమానం టికెట్టు కొనాలి. అందుకని ఇంటి నుంచి తెచ్చిన చద్దన్నమే పక్కనున్న నబీ రసూల్ టీ అంగడి బల్ల మీద పెట్టుకుని తింటూ ఆ భోజనంలో ఏమేం వడ్డిస్తారో చెప్పేవాడు.

"మామా, నా టీ తాగితే ఎన్ని పాయింట్లొస్తాయి?" అనేవాడు నబీ రసూల్.

"నీ టీకి వచ్చేది గ్యాసే" అనేవాడు ప్రతాప్.

ఇలా సాగిపోతున్న రోజుల్లో ఆయన తల్లి ఓబులమ్మ సింహాద్రిపురంలో తన గొర్రెలను అమ్మేసింది.

మొగుడు పోయిన తర్వాత ఆ మందను ఓబులమ్మే నిలబెట్టింది. మోకాళ్లు మొరాయించే కొద్దీ మంద తగ్గుతూ వచ్చి చివరికి పన్నెండు మిగిలాయి. కదిరి బేరగాడు తలా పదివేలకు తోలుకుపోయాడు. ఆమె ఆ లక్షా ఇరవై వేలు కొంగున కట్టుకుని పులివెందులలో కొడుకు ఇంటికి చేరింది. ఆమెకు తనదంటూ ఉన్నది అదొక్కటే. కొడుకు పెట్టింది తింటుందే గానీ, కొడుకు ముందు ఎన్నడూ చేయి చాచని మనిషి.

"గొర్రెలు పోయినంక మెడలో అన్నా ఏదో ఒకటి కదలాల. గొలుసు తీస్కుంటా. పొద్దుటూరు పోదాం పా" అంది.

ప్రతాప్ చేతిలో అప్పుడు తీగ లేదు.

"మా, దుడ్లు తీస్కపోయి ఊరికే కంసాలి ఆచారి చేతిలో పెడతావా? నా మాటిను. పొద్దుటూర్లో పెద్ద కంపెనీ నగల షాపుంది. ఆ షాపు గిఫ్టు కార్డులు బ్యాంకోళ్లు తగ్గించి అమ్ముతాండారు. పదివేల కార్డు తొమ్మిదివేల ఐదునూర్లే. పన్నెండు కొంటే ఆరువేలు మిగుల్తాది. నా క్రెడిట్ కార్డుతో కొంటే పైన పాయింట్లు. నీకొక గొర్రెపిల్ల ఫ్రీగా వచ్చినట్ల."

"ఫ్రీ పిల్ల యాడుంది? చూపియ్యి."

"అట్ల కనపడదు మా. మిగుల్తాది."

"కనపడని పిల్లను ఎట్ల మేపాలప్పా?"

రెండు రోజులు వాదించి కొడుకు గెలిచాడు. ఆమె కొంగు ముడి విప్పి డబ్బు ఆయన చేతిలో పెట్టింది. కార్డులు ఫోన్లోనే ఉంటాయంటే మాత్రం ఆమె ఒప్పుకోలేదు. "నా గొర్రెలు నీ ఫోన్లో ఏం మేస్తాయి? చేతికియ్యి" అని పట్టుబట్టింది. అందుకని ప్రతాప్ ప్లాస్టిక్ కార్డులే తెప్పించాడు. కొరియరులో వచ్చిన కవరును తల్లి చేతిలో పెట్టి, "ఇవో, నీ పన్నెండు గొర్రెలు. ఒక్కోటి పదివేలు. ఆదివారం దాకా బద్రంగా పెట్టుకో" అని షాపుకు వెళ్లిపోయాడు.

ఆ మాట ఆయన నవ్వుతూ అన్నాడు. ఆమె నవ్వుతూ వినలేదు.

గొర్రెలు కాసేవాళ్లలో ఒక పద్ధతుంది. కొత్త జీవాలు దొడ్డికి రాగానే, పొద్దు గుంకేలోపు చెవికి గాటు పెట్టాలి. ఒక్కో ఇంటిది ఒక్కో గాటు. ఓబులమ్మ ఇంటిది ఎడమ చెవి కొసన మూలగా ఒక కోత. గాటు లేని గొర్రె పక్క మందలో కలిస్తే అది పక్కవాడిదే. కోర్టుకు పోయినా అంతే.

ఆమె కార్డులను నట్టింట్లో వరసగా పరిచి చూసుకుంది. పన్నెండూ ఒక్క తల్లికి పుట్టినట్టు ఉన్నాయి.

"ఏమ్మే రేణుకా, దీనికి మొఖం యాడుంది?"

రేణుక వంటింట్లో ఉగ్గాని చేయడానికి నానిన బొరుగులు పిండుతోంది. "బొమ్మ ఉండేది మొఖం అత్తా" అంది వెనక్కి తిరగకుండా.

ముఖం తెలిస్తే చెవి తెలిసినట్టే. మనకు ఎదురుగా నిలబడ్డ జీవానికి ఎడమ చెవి మన కుడి వైపు ఉంటుంది. అది ఓబులమ్మకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కోడలి కుట్టు మిషను మీది కత్తెర తీసుకుని పన్నెండు కార్డులకూ కుడి పై మూలన గాటు పెట్టింది. తెగిన ముక్కలను ఏరి తన వక్కాకు తిత్తిలో వేసుకుంది.

ముక్కలు దాచడానికీ కారణం ఉంది. వెనకటికి ఒకసారి బీమా చేసిన గొర్రెలు రోగమొచ్చి చచ్చిపోతే పూడ్చిపెట్టి ఆఫీసుకు వెళ్లింది. బీమా బిళ్ల ఉన్న చెవి కోసుకురానిదే పైసా రాదన్నారు. ఆఫీసు అనే చోట మనిషిని నమ్మరు, చెవినే నమ్ముతారని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ పాఠం ఆమె మరిచిపోలేదు.

ఆదివారం తల్లీ కొడుకులు ముద్దనూరు మీదుగా ప్రొద్దుటూరు బస్సెక్కారు. కండక్టరు మిషనులో క్రెడిట్ కార్డు పట్టదని ప్రతాప్ దారి పొడవునా నొచ్చుకున్నాడు.

నగల షాపులో చల్లగాలి, మెత్తటి కుర్చీలు, పోయగానే చల్లారిపోయే కాఫీ. ఓబులమ్మ కూర్చోకముందే అడిగింది. "తరుగెంత?"

కౌంటరులో పర్వీన్ అనే అమ్మాయి ఉంది. ఆ ఊరి పిల్లే. "గొలుసుకు నూటికి పద్నాలుగు అవ్వా."

"మా ఆచారి ఎనిమిది తీసుకుంటాడు."

"మా, ఊరికే ఉండు" అన్నాడు ప్రతాప్ గొంతు తగ్గించి. కార్డుల మీద మిగిలింది నూటికి ఐదు. తరుగులో ఎక్కువ పోయేది నూటికి ఆరు. మోటారు చుట్లు ఎంచడంలో తప్పు చేయని మనిషికి ఈ లెక్క ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

అయినా గొలుసు బాగుంది. ఓబులమ్మ మెడలో వేసుకుని అద్దంలో చూసుకుంది. తల ఇటూ అటూ తిప్పింది. మెడలో ఏదో కదిలింది. ముఖం మెత్తబడింది. అన్నీ కలిపి లక్షా ఇరవై వేలకు కాస్త తక్కువయ్యేలా పర్వీన్ తూకం చూసి ఇచ్చిన గొలుసది.

"కార్డులియ్యి మా" అన్నాడు ప్రతాప్. ఆమె కవరు తీసి ఇచ్చింది. ప్రతాప్ దాన్ని ధీమాగా కౌంటరు మీద బోర్లించాడు.

పర్వీన్ ఒక కార్డు తీసింది. ఇంకొకటి తీసింది. తర్వాత ప్రతాప్ ముఖం చూసింది.

"అన్నా, ఇవన్నీ కోసేసినారు కదా?"

"ఏంది మా ఇది?" అన్నాడు ప్రతాప్.

"గాటు" అంది ఓబులమ్మ.

మేనేజరు వచ్చాడు. భీమవరం వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, మర్యాదస్తుడు. "అమ్మగారూ, కత్తిరించిన కార్డంటే చచ్చిపోయిన కార్డండి. బ్యాంకు వాళ్లయినా వద్దనుకున్న కార్డును కత్తిరించి పారేయమనే చెప్తారు."

"కోస్తే సచ్చిపోయినట్లా? మా తావ కోస్తేనే మాది అయ్యేది" అంది ఆమె.

కార్డు వెనక గీకే నల్ల పట్టీ కొస తెగిపోయింది. నంబరు కొట్టి చూద్దామంటే, నంబరు కార్డు పైభాగాన అచ్చయి ఉంది. చివరి నాలుగంకెలూ గాటుతో పోయాయి. ప్రతాప్ కార్డుల కంపెనీకి ఫోను చేశాడు. ఒకటి నొక్కాడు, మూడు నొక్కాడు, చాలాసేపు పాట విన్నాడు. చివరికి ఒకమ్మాయి పలికి, సమాచారం సరిచూసుకోవడానికి కార్డు నంబరులో చివరి నాలుగంకెలు చెప్పమంది.

ప్రతాప్ ఫోను కిందపెట్టి తలపట్టుకున్నాడు. ఓబులమ్మ గొలుసు మీద చేయి పెట్టుకుని కూర్చుంది. ఆ గొలుసు ఇప్పుడు తనదో షాపుదో ఆమెకు అర్థం కాలేదు. గొర్రెలు పోయాయి, దుడ్లు పోయాయి, మిగిలింది చెవి తెగిన అట్టముక్కలు.

"ఆ యమ్మ ఏమడుగుతాండాది?"

"చివరి అంకెలు. నువ్వు కోసి పారేసినావే, అవి."

"పారేసినానని నీకెవురు చెప్పినారు?"

వక్కాకు తిత్తి విప్పి కౌంటరు మీద బోర్లించింది. వక్క పలుకులు, ఎండిన ఆకు, సున్నపు డబ్బీ, వాటి మధ్య పన్నెండు చిన్న ముక్కలు.

"చెవులు కావాలని ముందే అడగచ్చు కదా?" అంది.

మేనేజరు ఒక ముక్క తీసి వెలుగుకు పట్టి చూశాడు. ఆ తర్వాత పై ఆఫీసుకు ఫోను చేశాడు. నంబరు పూర్తిగా కనిపించి, గీకితే వచ్చే రహస్య సంఖ్య కూడా సరిపోతే చేత్తో కొట్టుకోవచ్చన్నారు. పర్వీన్ నగలు చూపించే నల్ల మఖమలు పళ్లెం తెచ్చింది. ఇక ఏ చెవి ఏ కార్డుదో తేల్చాలి. కత్తెరతో చేతి ఒడుపున కోసినవి కాబట్టి ఏ రెండు కోతలూ ఒకేలా లేవు. ఒకటి కాస్త వంపు, ఒకటి పొట్టి, ఒకదానికి చివర పీచు. ముగ్గురూ తలలు దగ్గర పెట్టారు. మూలకు మూల అతికించేది ఓబులమ్మ, వక్కరసం తుడిచి అంకెలు చదివేది పర్వీన్, చేతులు కట్టుకుని నిలబడేది ప్రతాప్. నెక్లెసు కొనడానికి వచ్చిన ఒకావిడ తన పని మాని ఇక్కడే నిలబడిపోయింది.

మొదటి కార్డు పట్టింది. రెండోది పట్టింది. అలా పదకొండు పట్టాయి.

పన్నెండో ముక్క సున్నంలో పడి ఉంది. మూడంకెలు కనిపించాయి. నాలుగోదాన్ని సున్నం తినేసింది.

"ఒకటి మాదిరుంది" అన్నాడు ప్రతాప్. కాలేదు.

"ఏడేమో అన్నా" అంది పర్వీన్. కాలేదు.

"నాలుగు కొట్టండి" అన్నాడు మేనేజరు. ఆయనకూ ఉత్సాహం వచ్చేసింది. మిషను ఎర్రగా ఏదో చూపించి ఆ కార్డును మూసేసింది. మూడు తప్పులకు తలుపు పడిపోతుందట. ఇక కంపెనీకి రాసుకోవాల్సిందేనన్నాడు మేనేజరు.

"పదివేలు తగ్గిందవ్వా. ఇంకొంచెం సన్నం గొలుసు చూపీనా?" అంది పర్వీన్ మెల్లగా.

ఓబులమ్మ మెడలోని గొలుసు తీయలేదు. కొడుకు వైపు తిరిగింది.

"నేను నీకు పన్నెండు గొర్రెల దుడ్లిచ్చినా."

"అవును మా."

"నాకు పన్నెండు గొర్రెల బంగారం కావాల."

ప్రతాప్ పర్సు తీశాడు. విమానం భోజనం కార్డును పక్కకు జరిపి, వెనకున్న ఇంకో కార్డు తీసి తక్కువైన మొత్తం గీకాడు. వెంటనే ఫోను మోగింది. పాయింట్లు వచ్చాయట. ఆయన జీవితంలో పాయింట్లు చూసి సంతోషించనిది ఆ ఒక్కసారే.

బిల్లు చేతికొచ్చాక ఓబులమ్మ పదకొండు ముక్కలు ఏరి పర్వీన్ ముందు పెట్టింది. "ఇవి అయిపోయినాయి. మీ ఆఫీసులో పెట్టుకోండి." పర్వీన్ వాటిని రెండు చేతులతో తీసుకుంది. సున్నం అంటిన పన్నెండో ముక్కను ఆమె కొడుకు అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"ఇదో, నువ్వు చెప్పిన ఫ్రీ పిల్ల. మేపుకో."

ఈ కథ ప్రతాప్ పులివెందులలో బస్సు దిగేలోపే నబీ రసూల్‌కు చేరింది. పర్వీన్ నబీ రసూల్ చిన్నమ్మ కూతురు. మర్నాటి నుంచి టీ గ్లాసు తెచ్చినప్పుడల్లా, "మామా, పిల్ల మేస్తాందా?" అని అడగడం మొదలుపెట్టాడు.

ఓబులమ్మ ఇప్పుడు గొలుసు వేసుకుని కొడుకు షాపు ముందు అరుగు మీద కూర్చుంటుంది. కొరియరు వాడు ఏ కవరు తెచ్చినా రేణుక మొదట కత్తెర ఎక్కడుందో చూసుకుంటుంది. ప్రతాప్ ఆ కార్డునూ ముక్కనూ సెల్లో టేపుతో కలిపి అతికించి గోడకు తగిలించాడు. కంపెనీకి రాస్తూనే ఉన్నాడు. తీగ చుట్టేటప్పుడు ఇంతకుముందు లాగే మాట్లాడడు. తీగ లేనప్పుడు కూడా కొంచెం తగ్గింది.

మొన్న ఒక సబ్‌మెర్సిబుల్ మోటారు విప్పుతుండగా ఫోను వచ్చింది. గిఫ్టు కార్డుల కంపెనీ నుంచి. ఎవరో కుర్రవాడు చాలా మర్యాదగా, సార్, మీ సమస్య మా దృష్టికి వచ్చింది, ముందుగా కార్డు నంబరులో చివరి నాలుగంకెలు చెప్పండి అన్నాడు.

ప్రతాప్ రాగి తీగను పళ్ల మధ్య నుంచి తీసి గోడ వైపు చూశాడు.

"మూడు నేను చెప్తాప్పా. నాలుగోది నువ్వు చెప్పు."