గాలిలో నాలుగంగుళాలు

వాన పడ్డప్పుడల్లా బాస్కెట్‌బాల్ క్లబ్బు ఆఫీసు గదిలోకి నీళ్ళొచ్చేవి. మేనేజరు విసిగిపోయి ఒక వేసవిలో నేల మీద కాంక్రీటు పోయించి, పైన తెల్ల టైల్సు పరిపించాడు. అన్నీ కలిపి నాలుగంగుళాల మందం. గోడ మీద ఆటగాళ్ళ ఎత్తు కొలవడానికి గీసిన నల్ల స్కేలు సంగతి ఎవరికీ తట్టలేదు. నేల పైకి లేచింది, గోడ ఉన్నచోటే ఉంది. ఆ రెంటి మధ్యా ఒక మనిషి బతుకు ఇరుక్కుంది.

ఆ మనిషి, టైల్సు వేసిన మూడోనాడే వచ్చాడు. ఇరవై రెండేళ్ళవాడు. బుట్టకి దూరంగా నిలబడి బంతి విసిరేవాళ్ళలో ఒక చోటు ఖాళీ ఉందని విని, బూట్లు చంకలో పెట్టుకుని రెండు బస్సులు మారి వచ్చాడు. అటెండరు అతన్ని గోడకి ఆనించి నిలబెట్టి, స్టూలెక్కి, నెత్తిమీద అట్టముక్క పెట్టి చూశాడు.

"ఆరడుగుల ఎనిమిది."

"ఆరూ నాలుగండీ," అన్నాడు అతను మెల్లగా.

"గోడకి నీ మీద ప్రేమా, పగా? ఉన్నదే చెబుతుంది," అని అటెండరు రిజిస్టర్లో రాసేశాడు.

అంతలో మేనేజరు చేతిలో టీ కప్పుతోనే వచ్చేశాడు. బుట్ట కింద నిలబడే సెంటర్ ఆటగాడు ఆరడుగుల ఆరుకి తగ్గకూడదని క్లబ్బు రూలు. అంతటివాడి కోసం అతను రెండేళ్ళుగా వెతుకుతున్నాడు. రిజిస్టర్లో అంకె చూశాడు, మనిషిని చూశాడు, మళ్ళీ అంకె చూశాడు. అంకె మీదే నమ్మకం కుదిరింది. ఆ పూటే కాంట్రాక్టు, రెండు గదుల క్వార్టరు, జేబు రుమాలుతో సహా యూనిఫాం ఇచ్చేశారు. చెప్పాల్సిన మాట ఆ కుర్రాడి గొంతు దాకా వచ్చి, అక్కడ కాసేపు నిలబడి, వెనక్కి వెళ్ళి కూర్చుంది.

వారం తర్వాత అటెండరు సరదాకి తన ఎత్తు కొలుచుకున్నాడు. యాభై రెండేళ్ళ వయసులో నాలుగంగుళాలు పెరిగినట్టు తేలింది. ఒక రోజంతా సంతోషంగా తిరిగాడు. ఇంట్లో భార్య నవ్వేసరికి అనుమానమొచ్చి, మర్నాడు స్కేలు చెరిపి సరైన చోట మళ్ళీ గీశాడు. ఆ వారంలో ఇంకెవరినీ కొలవలేదు కాబట్టి ఇంకెవరికీ నష్టం లేదు. రిటైరైన రోజున మాత్రం ఆ ఆటగాడి చెవిలో ఈ ముక్క చెప్పి, బరువు దించుకుని, హాయిగా ఇంటికి పోయాడు.

మొదటి ప్రాక్టీసులో కోచ్ గారు ఆరూ ఎనిమిది మనిషి వేళ్ళు ఎక్కడుంటాయో అక్కడికి బంతి విసిరారు. బంతి అతని వేళ్ళ మీదుగా వెళ్ళిపోయింది.

"ఏమయ్యా, చెయ్యెత్తడానికి కూడా బద్ధకమేనా?"

రెండోసారి అతను ఎగిరాడు. అందింది. ఇక పన్నెండేళ్ళు అదే పని. అందరూ ఎగిరే చోట నాలుగంగుళాలు ఎక్కువ ఎగరాలి, అదీ ఎగిరినట్టు తెలియకుండా. పైన ముఖం మధ్యాహ్నం పూట గుమస్తా ముఖంలా నిమ్మళంగా ఉండేది. పనంతా మడమల్లో జరిగేది. రేకుల కప్పు సందుల్లోంచి పడే వెలుతురులో అతని నీడ కాళ్ళని వదిలి, ఒక్క క్షణం ఒంటరిగా నిలబడి, మళ్ళీ వచ్చి కలుసుకునేది. దాన్ని చూసినవాళ్ళు లేరు. జనం "నిచ్చెన, నిచ్చెన" అని అరిచేవాళ్ళు. ఆ పేరే ఖాయమైంది. నిచ్చెన ఎగరడం ఎవరు చూస్తారు?

కోర్టు బయట కూడా అంకెకి తగ్గట్టు బతకాలి కదా. తగలని తలుపుల కింద వంగేవాడు. అతని వెనక నడిచేవాళ్ళూ చూసి వంగేవాళ్ళు. క్లబ్బు దర్జీ కాగితం చూసి కుట్టిన ప్యాంట్లు మడమల దగ్గర కుచ్చులు పోసేవి. వాళ్ళమ్మ పేపర్లో అంకె చూసి ఫోన్ చేసింది. "నేను పంపినప్పుడు ఆరూ నాలుగేరా. క్లబ్బు తిండి ఒంటికి పట్టినట్టుంది," అని మురిసిపోయి, నాలుగంగుళాలు ఎక్కువ పెట్టి దుప్పటి అల్లి పంపింది.

వంగి వంగి మెడ పట్టేసి, తలనొప్పి మొదలైతే కళ్ళ లోపమేమోనని కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాడు. అలవాటుగా వంగే లోపలికెళ్ళాడు. కౌంటరు వెనకున్న అమ్మాయి చేతిలో చిన్న స్కేలు పట్టుకుని చూస్తోంది. కళ్ళ మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలవడం ఆమె పని.

"ఆ తలుపు ఆరున్నర అడుగులండీ," అంది. "మీరు ఆరూ నాలుగు. ఎందుకు వంగారు?"

అతను అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. ఎన్నో ఏళ్ళకి ఎవరో అసలు పేరు పెట్టి పిలిచినట్టయింది. ఆర్నెల్లకి పెళ్ళయింది. కొత్త ప్యాంటు వచ్చిన ప్రతిసారీ ఆమె కాళ్ళ దగ్గర మడిచి కుడుతూ, "నేను కట్టుకుంది ఆరూ నాలుగుని. ఆ మిగతా నాలుగంగుళాలాయన ఎవరో తెలీదు గానీ, ఆయన బట్టలూ నేనే చూసుకోవాల్సొస్తోంది," అనేది.

పదమూడో సీజను ముందు లీగు నుంచి ఉత్తరం వచ్చింది. అందరి ఎత్తూ మళ్ళీ కొలుస్తారట, లీగు డాక్టరే వచ్చి. నిచ్చెనకి అన్నం సయించలేదు. ముప్ఫై నాలుగేళ్ళు. ఆట తప్ప ఇంకో విద్య రాదు. కొలత తేలితే చోటు పోతుంది. నెల రోజులు ఇనప కమ్మీకి వేలాడాడు. తలగడ తీసేసి పడుకున్నాడు. జుట్టు పెంచాడు.

కొలిచే రోజు పొద్దున భార్య అతని జుట్టు చేత్తో అణిచి చూసింది. "షాపులో కొందరు కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చుంటారండీ, కొలత పెరుగుతుందని. కళ్ళ మధ్య దూరం అంతే ఉంటుంది. వెళ్ళి రండి."

డాక్టరమ్మ స్టీలు స్టాండు విప్పి నిలబెట్టింది. అతన్ని కొలిచింది. "ఆరడుగుల నాలుగు," అంది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "మీ స్టాండు సరిగా విప్పుకోలేదేమోనమ్మా."

ఆవిడ మేనేజర్నే నిలబెట్టి కొలిచింది. అయిదూ అయిదు. "నాది కరెక్టే," అన్నాడతను దిగులుగా. నిచ్చెన వైపు తిరిగాడు. "అయితే మనవాడు తగ్గాడు."

అందరికీ నిజమేననిపించింది. పన్నెండేళ్ళు నేల మీద దబదబా దిగితే తగ్గడా మరి. జట్టులో బక్కోడనే ఆటగాడు తలాడించాడు. "నేను గమనిస్తూనే ఉన్నా. ఈమధ్య తలుపు దగ్గర మునుపటంత వంగట్లేదు, పాపం."

మేనేజరు కళ్ళు తడిశాయి. క్లబ్బు కోసం నాలుగంగుళాలు ధారపోసిన మనిషికి ఘనంగా వీడ్కోలు చెబుతామన్నాడు. క్వార్టరు జన్మంతా ఉంచుకోవచ్చు. "డ్యూటీలో తగ్గిపోయాను" అని ఒక్క సంతకం పెడితే చాలు. కాగితం, పెన్నూ ముందుకు జరిపాడు.

నిచ్చెన పెన్ను తీసుకున్నాడు. సంతకం పెడితే ఇల్లుంటుంది, ఆట ఉండదు. కాగితం మీద ఉన్నవాడు ఆరూ ఎనిమిది నుంచి జారిపోయిన ఎవరో ముసలి మనిషి. అతనికి ఆ ముసలాయన మీద జాలేసింది గానీ, పరిచయం మాత్రం లేదు.

"నేను తగ్గలేదు సార్," అన్నాడు పెన్ను కింద పెట్టి. "వచ్చినప్పుడూ ఇంతే. అప్పుడు మీరు టైల్సు వేయించారు. నేల నాలుగంగుళాలు లేచింది, స్కేలు లేవలేదు."

"మరి ఇన్నేళ్ళూ నేను విసిరిన బంతులన్నీ?" అన్నారు కోచ్ గారు.

"ఎగిరాను సార్."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ."

"నేనెప్పుడూ చూళ్ళేదే."

"మీరు చేతుల వైపు చూసేవారు సార్."

కోచ్ గారు లేచి అతన్ని కోర్టులోకి తీసుకెళ్ళారు. బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, "ఊఁ, ఎగురు," అన్నారు. అతను ఎగిరాడు. బూట్ల కింద అవతలి గోడ కనిపించింది, గోడ మీది గడియారం కనిపించింది. టైమెంతైందో కూడా చూశారాయన. లేచి, బట్టలు దులుపుకోకుండానే వచ్చి మేనేజరుతో, "ఇతను నాకు కావాలి," అన్నారు.

కానీ ఆరూ ఎనిమిదిని కొట్టేయడం మేనేజరు వల్ల కాలేదు. రెండు కప్పులు, గోడ నిండా ఫొటోలు, పన్నెండేళ్ళ రికార్డులు ఉన్నాయి. ఆ మనిషే లేడంటే అవన్నీ గెలిచిందెవరు? డాక్టరమ్మేమో తన ఫారంలో ఎత్తుకి ఒక్కటే గడి ఉందంటోంది. చివరికి మేనేజరే దారి కనిపెట్టాడు. ఆరూ ఎనిమిది నిచ్చెన సెలవు మీద వెళ్ళాడు. ఆరూ నాలుగు ఆటగాడు కొత్తగా చేరాడు, బుట్టకి దూరంగా విసిరే చోట్లో. పన్నెండేళ్ళ క్రితం దానికోసమే అతను రెండు బస్సులు మారి వచ్చాడు.

మ్యాచి రోజు పొద్దున్నే వాళ్ళమ్మ ఫోన్ చేసింది. "ఎవర్నో పొట్టివాణ్ణి తెచ్చి పెట్టారటగా. నువ్వు బెంగెట్టుకోకు నాన్నా."

"మంచివాడేనమ్మా," అన్నాడతను.

సాయంత్రం భార్య ఎనిమిదో వరసలో కూర్చుంది. వెనక వరసలో, ఒక్క మ్యాచీ వదలని ఇద్దరు పెద్దాయనలు.

"నిచ్చెన ఏడీ?"

"సెలవంట. ఇతనెవరో కొత్త. పోలికలున్నాయి, తమ్ముడేమో."

"అన్న ముందు తమ్ముడెంత."

బంతి ఎత్తుగా వచ్చింది. ఈసారి నిలబడ్డట్టు నటించాల్సిన పని లేదు. అతను మోకాళ్ళు వంచాడు, అందరూ చూస్తుండగా, దాచుకోకుండా ఎగిరాడు. బూట్లు నేలని వదిలాయి. ఆ ఖాళీలోంచి ఎదుటి వరసల్లో కూర్చున్నవాళ్ళ ముఖాలు కనిపించాయి. నీడ కింద ఎదురుచూస్తూ ఉండిపోయింది.

"ఒరేయ్, వాడి కాళ్ళు చూడరా," అన్నాడు మొదటి పెద్దాయన.

"చూస్తున్నా. నిచ్చెన ఎప్పుడైనా ఇలా ఎగిరాడా?"

"వాడికేం ఖర్మ, పుట్టుకతోనే అందేది." ఆయన ముందుకు వంగి ఆమె భుజం తట్టాడు. "అమ్మా, ఆ కొత్తాయన ఎత్తెంతో నీకేమైనా తెలుసా?"

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"ఆరూ నాలుగండీ."

"అంతేనా? ఎక్కువ కనిపిస్తున్నాడే."

"ఇంకా కిందికి దిగలేదండీ," అంది.