ఐవీ నడపని ట్రాక్టరు

పశ్చిమ ఆస్ట్రేలియా గోధుమ సీమలో అడవి కొట్టడానికి గొడ్డలి అక్కర్లేదు. రెండు ట్రాక్టర్లు, వాటి మధ్య ఓడ లంగరుకు కట్టే లావుపాటి గొలుసు చాలు. రెండూ ఎడంగా, పక్కపక్కనే సాగితే మధ్యనున్న చెట్లన్నీ వేళ్లతో సహా లేచొస్తాయి. ఒక ట్రాక్టరు క్లెమ్‌ది. రెండోది ఇరవై ఏళ్లుగా అతని భార్య ఐవీది. పెళ్లయిన వారానికే ఎక్కించాడు మహానుభావుడు.

తప్పంతా అతనిదే అనలేం. చెట్లు పడగొట్టడానికైన ఖర్చును ప్రభుత్వమే పన్నులో తగ్గించేది. చెట్లున్న పొలం సోమరి పొలమని ఊరూ నమ్మింది. తీరా చెట్లు పోయాక అడుగునున్న నీరు పైకి ఉబికి, ఉప్పును వెంటబెట్టుకొచ్చింది. పల్లపు చేలన్నీ చౌడుబారాయి. ఐవీ ప్రాణంగా పెంచుకున్న కూరగాయల మడి తెల్లగా పొరగట్టి చచ్చింది.

ఇక మిగిలింది బావి వెనకున్న సాల్మన్ గమ్ అనే నీలగిరి జాతి చెట్ల తోపు. దాని తొర్రల్లో నల్ల కాకటూ చిలుకలు గుడ్లు పెడతాయి.

ఎనభైమూడు జూన్‌లో క్లెమ్ హడావిడిగా ఇంటికొచ్చాడు.

"ఐవీ, ఆ రాయితీ ఎత్తేస్తారంటున్నారే! ఈ నెలతో పన్నుల ఏడాది సరి, దాటితే దమ్మిడీ రాదు. రేపే తోపు లాగేద్దాం."

తెల్లారి ఐవీ ట్రాక్టరెక్కింది. ఎక్కి, కూర్చుండిపోయింది.

"ఏమైంది? బ్యాటరీ పోయిందా?"

"బండికేం, బాగానే ఉంది. నేనే నడపను."

"ఇరవై ఏళ్లు నడిపావుగా! ఇప్పుడేమొచ్చింది?"

"నడిపాను. తొర్రలు పగిలిన ప్రతిసారీ కళ్లు మూసుకున్నాను. నువ్వెప్పుడు ఇటు చూశావు గనుక! సర్కారు ఈ ఏడు ఇస్తుంది, పైఏడు మానేస్తుంది. పడ్డ చెట్టు మళ్లీ లేస్తుందా క్లెమ్? అంత కావాలంటే పక్క పొలం బెర్ట్‌ని పిలుచుకో."

పిలిస్తే బెర్ట్ పరుగెత్తుకొస్తాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మొగుడికి ఎదురుచెప్పడం ఐవీకి అదే మొదలు, స్టీరింగు మీది చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. క్లెమ్ ఆ చేతుల్ని చూశాడు. తర్వాత వంగి, ఆమె ట్రాక్టరు నుంచి గొలుసు ఊడదీశాడు.

"దిగు. టీ తాగుదాం."

వంటింటి దాకా ఏడుస్తూనే నడిచింది ఐవీ. అంత సంతోషం ఆమె ఎరగదు.

ఆగస్టు బడ్జెట్‌లో రాయితీ నిజంగానే పోయింది. పబ్బులో రైతులంతా సర్కారు మీద దుమ్మెత్తిపోశారు.

"ఏం క్లెమ్, నోట్లో బెల్లమా? నువ్వూ నాలుగు తిట్టు" అన్నాడు బెర్ట్.

"నాకేం కొత్త? మా ఇంట్లో అది జూన్‌లోనే రద్దయింది" అన్నాడు క్లెమ్.