ఉపవాసం నాడు గ్లాసు చక్కెర నీళ్ళు

2019 ఎండాకాలం. పెద్దారవీడు మండలంలో నల్లమల వైపున్న మా ఊరు. అప్పటికి నేను ఆశా కార్యకర్తగా చేరి చాలా ఏళ్ళయింది. ఆశా అంటే ఊరికీ ఆసుపత్రికీ మధ్య తిరిగే మనిషి. గర్భిణులను కాన్పుకు తీసుకుపోవడం, పిల్లల టీకాలు గుర్తుచేయడం, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు బిళ్ళలు వేసుకుంటున్నారో లేదో ఇల్లిల్లూ తిరిగి చూడడం మా పని. అంతకుముందు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీకి కూలికి పోయేదాన్ని. పిల్లలు రాసుకునే పలకలు నున్నగా రుద్దేదాన్ని గాని, నా పేరు నాకు రాయడం రాదు. ముప్పై దాటాక మా చర్చిలో పెట్టిన రాత్రి బడిలో అక్షరాలు దిద్దాను. ఆ తర్వాత ప్రైవేటుగా కట్టి పదో తరగతి గట్టెక్కాను. చర్చి పెట్టిన అక్షరాలతోనే చర్చి గురించి రాస్తున్నాను. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

మా చర్చిలో నెలకో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకుండా, కొందరు మంచినీళ్ళు కూడా ముట్టకుండా, మధ్యాహ్నం మూడింటి దాకా కూర్చుంటారు. కూలికి పోయే ఆడవాళ్ళు ఆ రోజు పని మానుకుని మరీ వస్తారు.

ఆ శుక్రవారం నేను సర్వే చేసుకుని ఎండలో ఇంటికి వస్తున్నాను. చర్చి గేటు దగ్గర పాస్టరుగారు చెప్పులు కూడా లేకుండా నిలబడి ఉన్నారు. చిన్నవాడు, పొదిలి వైపు నుంచి మా ఊరికి వచ్చి రెండేళ్ళు కాలేదు.

"అక్కా, తొందరగా రా. మరియమ్మక్క మాట తేడాగా ఉంది. ప్రార్థన చేద్దామని తల మీద చెయ్యి పెట్టినా. చల్లగా ఉంది, చెమటకు తడిసిపోయింది. ఇది నా ఒక్కడితో అయ్యే పని కాదనిపించింది."

లోపలికి ఉరికాను. మరియమ్మ నా ఈడుది. పలకల ఫ్యాక్టరీలో నా పక్కనే కూర్చుని పనిచేసిన మనిషి. భర్త లేడు, ఒక్కతే కూతురు. ఆ కూతురికి మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది, ఇప్పుడు మళ్ళీ నెలలు నిండాయి. ఈసారైనా బిడ్డ దక్కాలని ఈమె ఉపవాసం. గోడకు ఆనుకుని కూర్చుంది గాని చూపు మాత్రం ఎటో ఉంది. చుట్టూ ఆడవాళ్ళు గట్టిగట్టిగా స్తోత్రాలు చెబుతున్నారు.

"దీనికి ఏదో పట్టింది వదినా" అంది ఒకామె.

"పట్టింది ఆకలి. జరగండి, గాలి రానియ్యండి" అన్నాను.

మా నర్సమ్మ, ఏఎన్ఎం, ఇచ్చిన గ్లూకోమీటర్ నా సంచిలోనే ఉంది. వేలి కొన పొడిచి ఒక చుక్క రక్తం పట్టీకి తగిలిస్తే ఒంట్లో చక్కెర ఎంతుందో చూపించే చిన్న మిషన్. అందులో పడిన అంకె ఉండాల్సినదానికి బాగా కింద ఉంది.

"మరియా, పొద్దున షుగర్ బిళ్ళ వేసుకున్నావా?"

"వేసుకున్నా. డాక్టరు మానొద్దన్నాడు గదా." మాట ముద్దముద్దగా వస్తోంది.

"మరి తిన్నావా?"

"ఉపవాసం గదా."

డాక్టరు మాటా విన్నది, చర్చి మాటా విన్నది. రెండిటినీ ఒకే పొద్దున పాటించింది. షుగర్ బిళ్ళ ఒంట్లో చక్కెరను తగ్గిస్తుంది. కడుపులో అన్నం లేకపోతే అది తగ్గించుకుంటూ పాతాళానికి తీసుకుపోతుంది. దీన్ని లో షుగర్ అంటారు. షుగర్ ఎక్కువైతే మనిషిని ఏళ్ళ తరబడి తింటుంది, తక్కువైతే అప్పటికప్పుడే ప్రాణం తీస్తుంది.

కావలసింది చక్కెర. చర్చిలో అందరూ ఉపవాసమే, ఎవరి దగ్గరా బెల్లం ముక్క కూడా లేదు. రోడ్డుకు అవతల సుబ్బమ్మ టీ దుకాణం. ఆమె ఏనాడూ చర్చి గుమ్మం తొక్కలేదు. పైగా మైకు మోతకు ప్రతి ఆదివారం పాస్టరుగారిని తిట్టే మనిషి. కిటికీలోంచి కేకేశాను.

"సుబ్బమ్మా, గ్లాసు నీళ్ళలో గుప్పెడు చక్కెర కలిపి తే. ఉరుకు."

దేనికని అడగలేదు. తెచ్చింది.

మరియమ్మ పళ్ళు బిగబట్టింది. "వద్దు. మూడు కానియ్. బిడ్డ కోసం మొక్కినా. చెడగొట్టొద్దు" అని గ్లాసును తోసింది. సగం నా చీర మీద పడింది.

బలవంతంగా పోస్తే గొంతుకు అడ్డం పడుతుంది. పూర్తిగా స్పృహ తప్పితే ఇక నోట్లో ఏమీ పోయకూడదు. 108కి ఫోన్ చేయించాను గాని అది మార్కాపురం నుంచి రావాలి. మింగే తెలివి ఉన్న ఆ కాసేపే మా చేతిలో ఉన్నది. నా మాట ఆమె వినడం లేదు.

"గ్లాసు ఇటియ్యి అక్కా" అన్నారు పాస్టరుగారు. తీసుకుని, అందరూ చూస్తుండగా, తనే ఒక గుక్క తాగారు. స్తోత్రాలు ఆగిపోయాయి.

"నా ఉపవాసం అయిపోయింది మరియమ్మక్కా. నీదీ అయిపోయింది. నీ మొక్కు దేవుడు విన్నాడు. కూతురి కాన్పుకు నువ్వు ఉండాల గదా. తాగు."

తాగింది. సుబ్బమ్మ ఉరికిపోయి ఇంకో గ్లాసు కలుపుకొచ్చింది. అదీ తాగింది. మెల్లగా చూపు కుదురుకుంది.

"ఏందే రాహేలూ, అందరూ నా మొహం చూస్తుండారు?" అంది నాతో.

"నీ మొహంలో ఏముందని. నా చక్కెర డబ్బా ఖాళీ అయిందని చూస్తుండారు" అంది సుబ్బమ్మ.

ఆడవాళ్ళంతా ఒక్కసారిగా నవ్వారు. నేనూ అక్కడే బండల మీద కూర్చున్నాను.

బిళ్ళ పని చాలాసేపు సాగుతుంది, షుగర్ మళ్ళీ పడిపోవచ్చు. అందుకని తేరుకుంది కదా అని వదలకుండా 108లో ఆసుపత్రికి పంపాం. మరుసటి రోజు బస్సు దిగి తన కాళ్ళ మీదే నడిచి వచ్చింది. ఆ నెలలోనే కూతురు ఆడపిల్లను కన్నది. తల్లీ బిడ్డా క్షేమం.

తర్వాత పాస్టరుగారు మా ఇంటికొచ్చి ఏం చేద్దామని అడిగారు. నాకు తిప్పి చెప్పడం రాదు.

"ఎవరికి షుగరుందో మీకు తెల్వదు. ఎవరు ఉపవాసముంటారో నాకు తెల్వదు. ఇద్దరం ఒకే ఊళ్ళో ఉండి లాభమేంది?"

అప్పటి నుంచి ప్రార్థనకు ముందురోజు సాయంత్రం మైకులో చెబుతారు: షుగర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తినే రావాలి. శుక్రవారం పొద్దున చర్చి వసారాలో నేను, ఏఎన్ఎం కూర్చుని బీపీ, షుగర్ చూస్తాం. ఊళ్ళో ఎవరైనా రావచ్చు. నేను పెట్టిన షరతు ఒకటే. వచ్చినవాళ్ళకు కరపత్రాలు ఇవ్వొద్దు, అడగని ప్రార్థన చేయొద్దు. సంఘ పెద్ద ఒకాయనకు ఇది నచ్చలేదు.

"చర్చిలో ప్రార్థన వద్దంటే ఏంది?"

"లోపల మనం చేసుకుంటాం గదా పెద్దాయనా. వసారా ఊరిది" అన్నారు పాస్టరుగారు.

మొదటి నెల చర్చికి రాని రైతుల ఇళ్ళ నుంచి ఒక్కరూ రాలేదు. రెండో నెల సుబ్బమ్మ తన అత్తను చెయ్యి పట్టుకుని తెచ్చింది.

"రక్తం తీసి పేరు మారుస్తారా ఏంది?" అంది ముసలామె.

"నీ పేరు మార్చాలంటే రేషన్ కార్డూ మార్చాల. అంత ఓపిక నాకు లేదు అవ్వా, వేలు ఇటియ్యి" అన్నాను. ఆమె వెనక మిగతావాళ్ళు వచ్చారు.

ఇప్పుడు నేను ఎవరి చేతిలో బిళ్ళ పెట్టినా, మానొద్దని చెప్పి ఊరుకోను. ఏ రోజు తినవు అని అడుగుతాను. శనివారం ఒంటిపొద్దుండే వాళ్ళనూ, రంజాన్ ఉపవాసం ఉండే వాళ్ళనూ అడుగుతాను. చర్చిలకు చెప్పేదీ అదే. ఊరికి ఏం ఇద్దామని లోపల కూర్చుని ఆలోచించకండి. బయటికొచ్చి అడగండి. గోడకు అవతల ఉన్నవాళ్ళ దగ్గర తీసుకోవడం కూడా నేర్చుకోండి. ఆ రోజు చర్చి మొత్తంలో లేని చక్కెర రోడ్డుకు అవతల ఉంది.

మనవరాలిని చర్చికి తెచ్చిన ఆదివారం మరియమ్మ సాక్ష్యం చెప్పింది. దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పుకోవడాన్ని మేము సాక్ష్యం అంటాం. బిడ్డను చంకనేసుకుని మైకు పట్టుకుంది.

"దేవుడు నన్ను బతికించినాడు. అయ్యగారు తాగి ఇచ్చిన నీళ్ళతో బతికించినాడు. ఆ చక్కెర మన సుబ్బమ్మది."

ప్రార్థన అయ్యాక టీ దుకాణానికి పోయాను. సుబ్బమ్మ గిన్నె కడుగుతోంది.

"మీ మైకులో నా పేరు వచ్చిందే" అంది తల ఎత్తకుండా.

"వచ్చింది. తప్పా?"

"తప్పేం లేదులే. సౌండు తగ్గించమని ఎన్నాళ్ళ నుంచో చెప్తుండా, మీ పాస్టరుకు చెప్పు." గిన్నె బోర్లించింది. "ఇయ్యాల్టి అంత ఉంటే పర్లేదు."